ట్విన్ కార్బురేటర్ బండ్ల వాళ్లకు ఒక మాట

ఈ మధ్య మా షెడ్డులో ట్విన్ ఎస్‌యూ కార్బురేటర్లు (గాలిలో పెట్రోలు కలిపి ఇంజిన్‌కు పంపే ఎస్‌యూ రకం పరికరాల జత) ఓవర్‌హాల్ చేయించుకున్న ఆరు బండ్లలో నాలుగు నెల తిరక్కుండానే వెనక్కి వచ్చాయి. నలుగురిదీ ఒకటే ఫిర్యాదు. ఐడ్లింగ్ బాగుంది, రోడ్డెక్కితే మాత్రం పెట్రోలు వాసన, పికప్ లేదు. ప్లగ్గులు విప్పితే కాటుక పట్టినట్టు మసి.

ముందు నా చేతినే అనుమానించాను. ఫ్లోట్ లెవెల్ (కార్బురేటర్‌లో పెట్రోలు మట్టం) చూశాను, కార్బురేటర్‌లోని పిస్టన్ పైన ఉండే డ్యాష్‌పాట్‌లో ఆయిల్ చూశాను. పిస్టన్ ఎత్తి వదిలితే టక్కుమని పడుతోంది, అంటే జెట్ (పెట్రోలు వచ్చే సన్నని గొట్టం) సెంటర్‌లోనే ఉంది. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. చివరికి ఇంజిన్ నడుస్తుండగా థ్రాటిల్ స్పిండిల్ (గాలి దారిని తెరిచి మూసే రేకును తిప్పే కడ్డీ) చివర్ల దగ్గర కార్బ్ క్లీనర్ కొట్టాను. ఆర్‌పీఎం మారింది. గాలి అక్కడే లాగుతోంది! అవి నేను కొత్తగా వేసిన స్పిండిళ్లు. విప్పి మైక్రోమీటర్ పెడితే, పాత స్పిండిల్‌లో అరగని నడిమి భాగం కంటే కొత్తది 0.08 మి.మీ. సన్నం. వెంట్రుక మందం తేడా.

ఆ వెంట్రుకే నన్ను మోసం చేసింది. ఐడ్లింగ్‌లో థ్రాటిల్ దాదాపు మూసి ఉంటుంది, వాక్యూమ్ ఎక్కువ. ఆ కాస్త సందులోంచే గాలి దూరి మిక్స్చర్ పలచబడింది. సంగతి తెలియక జెట్ నట్టును రెండు ఫ్లాట్లు (నట్టు పలకలు) కిందికి దించి పెట్రోలు పెంచాను. పిస్టన్‌ను 0.8 మి.మీ. ఎత్తితే ఆర్‌పీఎం కొద్దిగా పెరిగి మళ్లీ కుదురుకుంది, కాబట్టి సెట్టింగ్ సరిగ్గా ఉందనుకున్నాను. రోడ్డు మీద థ్రాటిల్ తెరుచుకుంటే ఆ లీకు లెక్కలోకే రాదు, నేను పెంచిన పెట్రోలు మాత్రం అలాగే ఉంటుంది. ఎయిర్ ఫ్లో మీటర్ కూడా రెండు కార్బురేటర్లూ సమానమనే చూపించింది. అది మూతిలోంచి వెళ్లే గాలినే కొలుస్తుంది, స్పిండిల్ పక్క నుంచి దూరే గాలి దానికి కనబడదు.

ఎన్నో ఏళ్లుగా సామాను ఇస్తున్న సప్లయర్‌కు ఫోన్ చేశాను. “అందరికీ ఇవే పంపుతున్నాం, ఎవరూ ఏమీ అనలేదే” అన్నాడు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. అదే లాట్‌లోంచి వేరే జత పంపుతానన్నాడు, వద్దన్నాను. కానీ ప్యాకెట్ మీద రాసింది నమ్మి కొలవకుండా బిగించింది నేను. ఆ తప్పు అతని మీదకు నెట్టను.

అసలు మథన పడింది మిగిలిన ఇద్దరి గురించి. వాళ్లు బండి బ్రహ్మాండంగా ఉందని చెప్పి వెళ్లినవాళ్లు. సంతోషంగా ఉన్నవాళ్లను పిలిచి నీ బండిలో లోపం ఉందని చెప్పాలా? మూడు రోజులు ఫోన్ చేతిలో పట్టుకుని పక్కన పెట్టేశాను. అయితే ఎక్కువైన పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది, కిందికి దిగి ఇంజిన్ ఆయిల్‌ను పలచన చేస్తుంది. తెలిసీ ఊరుకోలేకపోయాను. ఒకాయన “బాగున్నదాన్ని ముట్టుకోకు” అని కోప్పడ్డాడు. బతిమాలి తెప్పించి ప్లగ్గులు తీసి చూపించాను. ముందు రెండూ గోధుమ రంగులో ఉన్నాయి, వెనక కార్బురేటర్ మీద నడిచే రెండూ నల్లగా ఉన్నాయి. ఆయన ఇంకేమీ అనలేదు.

ఆరు బండ్లకూ పని మళ్లీ చేస్తాను, ఆయిల్ కూడా మారుస్తాను, పైసా తీసుకోను. ఇకపై ప్రతి స్పిండిల్‌నూ కొలిచాకే వేస్తాను. బాడీకి బుష్ (లోపలి తొడుగు) వేసి, దాని రంధ్రాన్ని ఆ స్పిండిల్‌కు సరిపడా రీమర్ కొడతాను. దానివల్ల డెలివరీ ఆలస్యమవుతుంది, తొందర పెట్టొద్దు.

రెండూ పీకేసి ఒకే కార్బురేటర్ పెట్టమని కొందరు సలహా ఇస్తున్నారు. నా షెడ్డులో ఆ పని జరగదు. కార్బురేటర్లు ఏ తప్పూ చేయలేదు.

బండిని కనీసం ఇరవై నిమిషాలు నడిపి, ఇంజిన్ వేడి మీదే తీసుకురండి. ప్లగ్గులు మాత్రం తుడవకండి, ఆ మసి నేను చూడాలి.