సూది గుచ్చని రక్తహీనత పరీక్షకు హద్దు గీయాలి

సంపాదకులకు,

రక్తం తీయకుండానే హిమోగ్లోబిన్ ఎంతో చెప్పే పరికరాలను ప్రజారోగ్య కేంద్రాల్లో ప్రవేశపెట్టాలన్న ఆలోచన ఊపందుకుంటోంది. వేలికి క్లిప్పు తగిలించి, పలు తరంగదైర్ఘ్యాల కాంతిని పంపి లెక్కగట్టేవి వాటిలో కొన్ని కాగా, కింది కనురెప్ప లోపలి భాగాన్నో గోళ్లనో సెల్‌ఫోనుతో ఫొటో తీసి రంగును బట్టి అంచనా వేసేవి మరికొన్ని. ప్రయోగశాలలో రక్తపరీక్షలు చేసే వృత్తిలో ఉన్న నేను ఈ ఆలోచనను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను. అయితే ఈ పరికరం చేసే పని ఎక్కడితో ముగిసి, రక్తపరీక్ష పని ఎక్కడ మొదలవుతుందో ముందే తేల్చుకోవాలని కోరుతున్నాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాల ప్రకారం 2019లో ఆరు నెలల నుంచి అయిదేళ్లలోపు పిల్లల్లో 40 శాతం మంది, గర్భిణుల్లో 37 శాతం మంది రక్తహీనతతో ఉన్నారు. ఇంతమందిని సూదితోనే వెతకడం ఎంత కష్టమో శిబిరాల్లో పనిచేసినవారికి తెలుసు. రెండేళ్ల పిల్లవాడు వేలికి గుచ్చే చిన్న సూదిని (లాన్సెట్‌ను) చూడగానే పిడికిలి బిగిస్తాడు. ఎలాగో గుచ్చినా చుక్క సరిగా రాకపోతే వేలిని పిండుతారు. పిండినప్పుడు కణజాల ద్రవం కలిసి రక్తం పలచబడుతుంది, హిమోగ్లోబిన్ ఉన్నదానికన్నా తక్కువగా నమోదవుతుంది. అంటే వేలి నుంచి తీసిన రక్తం కూడా ఎప్పుడూ నిజమే చెబుతుందని అనుకోనక్కరలేదు. వాడేసిన సూదులను జాగ్రత్తగా పారవేయడం మరో భారం. సూది లేని పరీక్ష ఉంటే బిడ్డను తీసుకురావడానికి తల్లులు జంకరు.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. గర్భిణి కాని స్త్రీకి డెసిలీటరుకు 12 గ్రాములకన్నా తక్కువ ఉంటే రక్తహీనతగా పరిగణిస్తారు. గోళ్ల ఫొటోతో హిమోగ్లోబిన్‌ను అంచనా వేసే ఒక ఆప్‌పై 2018లో వెలువడిన అధ్యయనంలో రక్తపరీక్షతో పోలిస్తే తేడా 2.4 గ్రాముల వరకు అటూ ఇటూగా ఉంది. ఈ లెక్కన 10.5 ఉన్న స్త్రీకి, అంటే మధ్యస్థాయి రక్తహీనత ఉన్న మనిషికి, 12.5 అని చూపించి ఇంటికి పంపేయవచ్చు. పైగా క్లిప్పు తరహా పరికరాలు హిమోగ్లోబిన్ బాగా తక్కువగా ఉన్నవారిలో దాన్ని ఎక్కువ చేసి చూపుతున్నట్లు పలు అధ్యయనాల్లో కనిపించింది. అందరికన్నా ముందు దొరకవలసినవారే ఇలా జారిపోతారు. వేళ్లు చల్లబడినా, గోళ్లకు రంగు ఉన్నా, చెయ్యి కదిలినా రీడింగు మారుతుంది. చర్మం రంగు సంగతి మరీ ముఖ్యం. కాంతి ఆధారంగానే పనిచేస్తూ రక్తంలో ఆక్సిజన్ స్థాయిని చూపే పల్స్ ఆక్సీమీటర్లు, తెల్లవారితో పోలిస్తే నల్లజాతి రోగుల్లో దాగిన ఆక్సిజన్ లోపాన్ని దాదాపు మూడు రెట్లు ఎక్కువసార్లు పట్టుకోలేకపోయాయని 2020లో వెలువడిన అమెరికా అధ్యయనం తేల్చింది. కనుక ఏ జనాభా మీద వాడబోతున్నారో ఆ జనాభాలోనే, సిర నుంచి తీసిన రక్తాన్ని ఆటోమేటిక్ యంత్రంలో పరీక్షించిన ఫలితంతో సరిచూడకుండా ఏ పరికరాన్నీ కొనకూడదు.

జల్లెడలా వాడుకున్నంతవరకు ఈ పరికరాలు ఎంతో ఉపకరిస్తాయి. అందుకు రక్తపరీక్షకు పంపే గీతను 12 దగ్గర కాకుండా ఇంకాస్త ఎత్తున, సరిచూసినప్పుడు తేలిన తేడాను బట్టి పెట్టాలి. అవసరం లేని కొందరికి కూడా రక్తం తీయవలసి వస్తుంది, నిజమే. రోగి తప్పిపోవడంకన్నా అది మేలు. ఆయాసం, గుండెదడ, బాగా పాలిపోవడం వంటి లక్షణాలున్నవారికి పరికరం ఏం చూపినా రక్తపరీక్ష చేయాల్సిందే. గర్భిణులకు రక్తం గ్రూపు, ఇతర పరీక్షల కోసం ఎలాగూ రక్తం తీస్తారు. అందులోనే హిమోగ్లోబిన్ చూడగలిగినప్పుడు క్లిప్పు మీద ఆధారపడటం సరికాదు.

రక్తహీనతలన్నీ ఐరన్ లోపం వల్ల వచ్చేవి కావన్న సంగతి కూడా మరవకూడదు. మలేరియా, పేగుల్లో చేరి రక్తం పీల్చే కొంకిపురుగులు, విటమిన్ బి12 లోపం, మూత్రపిండాల జబ్బు, వంశపారంపర్యంగా వచ్చే రక్తవ్యాధులైన థలసేమియా, సికిల్‌సెల్ వ్యాధి కూడా కారణాలే. పూర్తి రక్తపరీక్షలో ఎర్రకణాల పరిమాణాన్ని చూస్తే కారణం వైపు కొంత దారి దొరుకుతుంది. క్లిప్పు ఒక్క అంకె మాత్రమే ఇస్తుంది. ఆ అంకెను చూసి నెలల తరబడి ఐరన్ మాత్రలు ఇస్తూ పోతే, ఒంట్లో ఇప్పటికే ఐరన్ పేరుకుపోతున్న థలసేమియా రోగికి హాని జరగవచ్చు.

జనాభాలో ఎందరికి రక్తహీనత ఉందో తేల్చే సర్వేలకు మాత్రం ప్రస్తుతానికి ఈ పరికరాలు తగవని నా అభిప్రాయం. ఒక్కొక్కరి రీడింగు అసలు విలువకు అటూ ఇటూగా ఎక్కువ తేడాతో వస్తుంటే, సగటు సరిగ్గానే ఉన్నా, గీతకు దిగువన పడేవారి శాతం మారిపోతుంది. ఈ ఏడాది ఒక పద్ధతితో, మరో ఏడాది ఇంకో పద్ధతితో కొలిచి రక్తహీనత పెరిగిందనో తగ్గిందనో ప్రకటిస్తే నిధులు, పథకాలు దారి తప్పుతాయి.

పరికరాలను కొనే ముందే ఆరోగ్యశాఖలు సరిచూపు ఫలితాలను బహిరంగపరచాలి. శిబిరంలో అనుమానం వచ్చిన వ్యక్తికి అదే రోజు, అక్కడే రక్తం తీసే ఏర్పాటు ఉండాలి. మరో రోజు, మరో చోటికి రమ్మంటే చాలామంది తిరిగి రారు.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్