ప్రాజెక్టు పని బడిలోనే జరగనివ్వండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారాలతో,

రాయలసీమలోని ఒక పల్లె ప్రాథమిక పాఠశాలలో సెకండరీ గ్రేడ్ ఉపాధ్యాయుడిగా పనిచేస్తున్నాను. మా బడిలో తరగతులు ఐదు, ఉపాధ్యాయులం ఇద్దరం. ఇది బదిలీల గురించో, బకాయిల గురించో రాస్తున్న లేఖ కాదు. వాటి సంగతి చూసుకోవడానికి మా సంఘాలు ఉన్నాయి. ప్రాథమిక తరగతుల పిల్లల చేత మనం చేయిస్తున్న ప్రాజెక్టు పనులు ఏ దారి పట్టాయో తమ దృష్టికి తేవడానికే ఇది రాస్తున్నాను.

మా మండల కేంద్రంలో బస్టాండు ఎదురుగా ఉన్న జిరాక్స్ దుకాణంలో ప్రాజెక్టులు అమ్ముతారు. 'నీటి వనరులు' అనో, 'ఆకులు, రకాలు' అనో పేరు చెబితే చాలు, ఇంటర్నెట్‌లో దొరికిన రంగుల బొమ్మలు, నాలుగు పేజీల వివరం, పైన స్పైరల్ బైండింగు, అన్నీ కలిపి పది నిమిషాల్లో చేతిలో పెడతారు. నిరుడు నాలుగో తరగతి పిల్లవాడు ఒకడు తెచ్చిన 'మా ఊరి నీటి వనరులు' ప్రాజెక్టులో మొదటి పేజీ నిండా నయాగరా జలపాతం ఉంది. మా ఊరి చెరువు బడికి కూతవేటు దూరం. అది ఏ వానకు నిండిందో, తూము ఎటువైపు ఉందో, ఆ నీళ్లు ఎవరెవరి మళ్లకు పారుతాయో ఆ పిల్లవాడికి నాకంటే బాగా తెలుసు. ఆ నాలుగు పేజీల్లో వాటిలో ఒక్కటీ లేదు. తప్పు పిల్లవాడిది కాదు, కూలి డబ్బుల్లోంచి తీసిచ్చిన తల్లిది అంతకన్నా కాదు. 'సోమవారానికల్లా ప్రాజెక్టు తెచ్చి చూపించాలి' అని తరగతిలో చెప్పింది నేను. నా చేత ఆ మాట చెప్పించింది పైనుంచి వచ్చిన గడువు.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. పిల్లలు కృత్యాల ద్వారా, తామే వెతికి కనుక్కోవడం ద్వారా నేర్చుకోవాలని ఆ చట్టం 29వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. ఆ స్ఫూర్తితోనే, ఏడాది పొడవునా పిల్లల ప్రగతిని అంచనా వేసే నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చింది. పిల్లల భాగస్వామ్యం, రాత పని, లఘు పరీక్షల సరసన ప్రాజెక్టు పని కూడా ఒక సాధనంగా చేరి మార్కులకెక్కింది. ఉద్దేశం మంచిదే, కాదనను. అయితే మార్కుల జాబితాలోకి ఎక్కిన ఏ పనికైనా రుజువు కావాలి కదా, ఆ రుజువు మొదట చార్టు అయింది, తర్వాత ఫొటో అయింది, ఇప్పుడు ఫలానా తేదీలోగా యాప్‌లో ఎక్కించాల్సిన ఫొటో అయింది. ఫొటోలో బాగా కనిపించేది కొన్న ప్రాజెక్టే.

నా తరగతిలోనే జరిగిన ఒక సంగతి చెబుతాను. మూడో తరగతి పిల్లలతో కొబ్బరి చిప్పల్లో మట్టి పోసి అలసందలు నాటించాను. సగం చిప్పలు కిటికీ దగ్గర పెట్టాం, సగం మధ్యాహ్న భోజనం గిన్నెలు పెట్టే గదిలో, బోర్లించిన అట్టపెట్టె కింద పెట్టాం. రోజూ ఎదుగుదల కొలవాలి. అందరికీ సరిపడా స్కేళ్లు లేవు. ఒక అమ్మాయి చీపురు పుల్లను మొక్క పక్కన నిలబెట్టి, అంతే పొడవుకు తుంచి, తేదీ వేసి నోటు పుస్తకంలో అంటించింది. మిగతా వాళ్లూ అదే పట్టుకున్నారు. రోజుకొక పుల్ల చొప్పున పక్కపక్కనే అంటించుకుంటూ పోయేసరికి ఎవరూ నేర్పకుండానే పుస్తకంలో గ్రాఫు తయారైంది. ఐదో తరగతిలో గ్రాఫు కాగితం ఇచ్చి చెప్పినా ఇంత తేలిగ్గా ఎక్కదు.

ఐదో రోజు ఆ అమ్మాయి నా దగ్గరకు వచ్చి, 'చీకట్లో పెట్టిందే ఎత్తుగా ఉంది సార్' అంది. తరగతి మొత్తం నవ్వింది. వెలుతురు లేకపోతే మొక్క పెరగదని అప్పటికే అందరికీ కంఠతా వచ్చు. పుల్లలు పక్కన పెట్టి చూశాం. అమ్మాయి చెప్పిందే నిజం. చీకట్లోని మొక్కలు పాలిపోయి, పసుపు రంగులో, కిటికీ దగ్గరి వాటికంటే బెత్తెడు ఎక్కువ సాగాయి. గింజలో దాచుకున్న ఆహారం ఉన్నంతవరకు మొక్క వెలుతురు కోసం అలా పైపైకి సాగుతుందని నాకు తెలుసు, కానీ వెంటనే చెప్పలేదు. 'ఇంకొన్నాళ్లు చూద్దాం' అన్నాను.

చూసే వ్యవధి మాత్రం మాకు లేదు. ఏడో రోజు ఫొటో ఎక్కించాలి, ఫలితం గడి నింపాలి. పిల్లలు కళ్లారా చూసింది ఆ గడిలో రాస్తే తప్పు ప్రయోగం కింద లెక్క. పుస్తకంలో ఉన్న వాక్యమే రాసి పంపాను. పన్నెండేళ్ల సర్వీసులో ఇలాంటివి చాలానే చేశాను కానీ, ఆ గడి నింపినప్పుడు ఆ అమ్మాయి నా పక్కనే నిలబడి ఉంది. పదహారో రోజుకు చీకట్లోని మొక్కలు నిలబడే సత్తువ లేక ఒక్కొక్కటే మట్టి మీద వాలిపోయాయి, కిటికీ దగ్గరివి మూడు ముక్కల ఆకులు తొడిగాయి. అసలు పాఠం ఆ రోజు జరిగింది. దానికి ఫొటో లేదు, మార్కూ లేదు.

ముందు చదవడం, రాయడం, కూడికలు రానివ్వండి, ప్రాజెక్టుల సంగతి తర్వాత చూద్దాం అనే అధికారులు ఉన్నారు. వారి ఆందోళన అర్థం కానిది కాదు; మూడో తరగతికి వచ్చినా ఒత్తులు చదవలేని పిల్లలు నా తరగతిలోనూ ఉన్నారు. కానీ ఆ పదహారు రోజుల్లో చీపురు పుల్లల కింద తేదీ వేసి 'ఈ రోజు ఆకు విప్పుకుంది' అని సొంతంగా రాసిన వాళ్లలో, నల్లబల్ల మీది వాక్యం చూసి దించడానికి కూడా మొరాయించే ఇద్దరు ఉన్నారు. చెప్పడానికి ఒక విషయం దొరికితే ఒత్తులు వాటంతట అవే రావు గానీ, అడిగి నేర్చుకునే అవసరం మాత్రం వస్తుంది.

ఇదంతా మన నేలకు కొత్తేమీ కాదు. బ్రిటన్ సహాయంతో 1984లో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, పాత టీచర్ల నోట 'ఏపీపెప్', చేసి నేర్చుకోవడం, స్థానిక పరిసరాలను వాడుకోవడం, పిల్లల పనిని తరగతిలో ప్రదర్శించడం వంటి ఆరు సూత్రాలను ఉమ్మడి రాష్ట్రంలోని బడుల దాకా తీసుకొచ్చింది. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ విద్యాసంస్థ వారు చుట్టుపక్కల పల్లెల్లో నడిపిన ఏకోపాధ్యాయ బడులు, ఒకే గదిలో వేర్వేరు తరగతుల పిల్లలు కార్డుల సాయంతో ఎవరి వేగంతో వారు మెట్లెక్కే పద్ధతిని తయారు చేశాయి. చెన్నై కార్పొరేషన్ బడులు 2003లో దాన్ని అందిపుచ్చుకున్నాయి, తర్వాత తమిళనాడు అంతటా పాకింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత ఊరికే పుట్టలేదు.

నేను కోరేవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. ఒకటి నుంచి ఐదో తరగతి వరకు ఏ ప్రాజెక్టునూ ఇంటికి పంపకూడదని, డబ్బు పెట్టి కొనాల్సిన సామగ్రి ఏదీ అడగకూడదని ఒక స్పష్టమైన ఉత్తర్వు ఇప్పించండి. చట్టం ప్రకారం ప్రాథమిక తరగతులకు ఏడాదికి 800 బోధన గంటలు ఉన్నాయి. వాటిలో వారానికి రెండు పీరియడ్లు కాలపట్టికలోనే ప్రాజెక్టు పనికి కేటాయిస్తే సరిపోతుంది. అంశాన్ని, గడువును ఉపాధ్యాయుడికి వదిలేయండి. శ్రీకాకుళం తీరంలో వలలు అల్లే ఇళ్ల పిల్లలకూ, అనంతపురంలో వేరుశనగ విత్తే ఇళ్ల పిల్లలకూ ఒకే వారం ఒకే ప్రాజెక్టు ఎందుకు? మాకు ఇక్కడ జూన్, జూలైల్లో విత్తనాల పని ఉంటే ఆకుల ప్రాజెక్టు జనవరిలో వస్తుంది.

ఫొటోలకు బదులు, తనిఖీకి వచ్చిన అధికారి ఇద్దరు పిల్లలను పిలిచి, వారి నోటు పుస్తకం తెరిపించి, 'ఇది ఎలా కనుక్కున్నావు?' అని అడిగితే చాలు. కొన్న ప్రాజెక్టు ఆ ఒక్క ప్రశ్నకే తేలిపోతుంది. చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులం కలిసే కాంప్లెక్స్ సమావేశాల్లో కూడా చదివి వినిపించే సర్క్యులర్లు తగ్గించి, మేము మా పిల్లల పుస్తకాలు బల్ల మీద పెట్టుకుని మాట్లాడుకునే గంట ఒకటి ఇప్పించండి. సర్వశిక్షా అభియాన్ కాలంలో బోధనోపకరణాల కోసం ఏడాదికి ఒక్కో ఉపాధ్యాయుడికి 500 రూపాయలు ఇచ్చేవారు. చిన్న మొత్తమే, కానీ జిగురు, దారం, భూతద్దం కొనడానికి ఎవరినీ అడగనక్కర లేకుండా ఉండేది. దాన్ని నేటి ధరలకు తగినట్టు తిరిగి ఇవ్వాలని మనవి.

వచ్చే విద్యా సంవత్సరపు క్యాలెండరు అచ్చుకు వెళ్లక ముందే వీటిని పరిశీలించవలసిందిగా కోరుతున్నాను. చీపురు పుల్లల నోటు పుస్తకాలు మా బడి బీరువాలో ఉన్నాయి. వాటిని చూడాలనుకుంటే తమ కార్యాలయానికి నేనే తీసుకొస్తాను, కాకపోతే ఆ అమ్మాయి తన పుస్తకం తిరిగి ఇవ్వాలన్న షరతు మీదే ఇచ్చింది.

ఇట్లు
తమ విధేయుడు,
ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు