క్షౌరకత్తుల పదును విషయంలో జరిగిన పొరపాటు గురించి

మా దుకాణంలో క్షౌరకత్తులు నూరించుకుంటున్న వారందరికీ నమస్కారం. సంక్రాంతి తరువాత మేము నూరి ఇచ్చిన కత్తుల్లో తొమ్మిది తిరిగి వచ్చాయి. కత్తి మొన దగ్గర, మడమ (పిడి వైపు కొస) దగ్గర చక్కగా తెగుతూ, నడిమి భాగం చెంప మీదికి వచ్చేసరికి వెంట్రుకను కోయకుండా లాగుతోందని అందరూ దాదాపు ఒకే మాట చెప్పారు. తోలు పట్టీ మీద సరిగా తీయకపోవడం వల్ల అలా జరుగుతుండవచ్చునని మొదటి ముగ్గురికి నేను జవాబు చెప్పాను. ఆ జవాబు తప్పు. లోపం వారి చేతిలో లేదు, నా రాయిలో ఉంది. ఆ ముగ్గురికీ ఫోన్ చేసి క్షమాపణ చెప్పుకున్నాను. మిగిలిన వారికి ఇక్కడ చెప్పుకుంటున్నాను.

చివరి పదునుకు నేను వాడేది బెల్జియంలోని ఆర్డెన్ కొండల ప్రాంతంలో దొరికే కోటిక్యూల్ అనే లేత పసుపు రాయి. క్షౌరకత్తిని నూరేటప్పుడు దాని వెన్ను, వాదర (కోసే అంచు) రెండూ ఒకేసారి రాయికి ఆనాలి. కోణాన్ని నిలిపేది నూరేవారి చేయి కాదు, ఆ వెన్ను మందమే. అందువల్ల రాయి బల్లపరుపుగా ఉన్నంతకాలం పని తేలికగా సాగుతుంది, రాయి వంకర పోతే మాత్రం ఎంత చేయి తిరిగినవారైనా దాన్ని సరిచేయలేరు. పండుగ రద్దీలో చిన్న చాకులను కూడా అదే రాయి మీద తీయడం వల్ల 40 మిల్లీమీటర్ల వెడల్పున్న ఆ రాయికి నడుమ కంటికి ఆనని గుంట పడింది. గుంట మీదుగా వెళ్లిన కత్తికి రెండు కొసలూ అరిగాయి, నడిమి వాదర మాత్రం రాయిని తాకీ తాకనట్టు జారిపోయింది. బొటనవేలి గోటి మీద పరీక్షించినప్పుడు నేను మొన దగ్గరే చూసి సరిపెట్టుకున్నాను.

రాయి మీద పెన్సిలుతో అడ్డంగా, నిలువుగా గీతలు గీసి, నీళ్లు చల్లి, చదునైన వజ్రపు పలక మీద రుద్దితే గుంట ఉన్న చోట గీతలు చెరగకుండా మిగిలిపోతాయి. నా రాయి నడుమ అవి చాలాసేపటి వరకు చెరగలేదు. ఆ గీతలను చూసినప్పుడు కలిగిన బాధ ఇంకా పోలేదు, ఎందుకంటే ఈ పరీక్షకు పట్టేది ఐదు నిమిషాలే. ఇకపై ప్రతిరోజూ ఉదయం మొదటి కత్తిని ముట్టుకునే ముందు ఈ పని జరుగుతుంది. చాకులకు వేరే రాయి కేటాయించాను.

ఈ సందర్భంలోనే మరో విషయం కూడా సరిదిద్దుకోవాలి. మా ధరల పట్టికలో కోటిక్యూల్ పక్కన ఇన్నాళ్లూ 8000 గ్రిట్ (రాయి రేణువులు ఎంత సన్ననివో చెప్పే అంకె) అని రాసి ఉంచాను. ఆ అంకెను తీసివేశాను. ఫ్యాక్టరీలో తయారైన రాయిలో రాపిడి రేణువులను పరిమాణాన్ని బట్టి వేరుచేసి కలుపుతారు కనుక అక్కడ గ్రిట్ సంఖ్యకు అర్థం ఉంది. కోటిక్యూల్‌లో కోసే పని చేసేవి గార్నెట్ స్ఫటికాలు, అంటే మన భీమిలి తీరపు ఇసుకలో ఎర్రగా మెరిసే ఖనిజానికి దాయాదులు. ఇవి సుమారు 5 నుంచి 15 మైక్రాన్ల వరకు ఉంటాయి. పరిమాణాన్ని మాత్రమే చూస్తే ముతకగానే అనిపించినా, 12 ముఖాలతో దాదాపు గుండ్రంగా ఉండటం వల్ల ఉక్కును లోతుగా గీయవు. పైగా ఒకే గనిలోని రెండు పొరలు ఒకేలా పనిచేయవు. ఆ అంకెను నమ్మి మా దగ్గర రాయి కొన్నవారు తిరిగి ఇవ్వాలనుకుంటే పూర్తి డబ్బు ఇస్తాను.

ఒక కత్తికి ఎందుకంత సమయం తీసుకుంటారని కొందరు అడిగారు. అదే జాతి చిన్న రాతి ముక్కతో పెద్దరాయిపై నీళ్లు పోసి రుద్దితే, సాన మీద గంధం తీసినట్లు పాలవంటి ముద్ద వస్తుంది. ఆ ముద్దలో రాయి వేగంగా కోస్తుంది, కానీ అందులో కదిలే స్ఫటికాలు వాదరకు ఎదురుగా తగులుతూ దాన్ని కొంత మొద్దుబారుస్తాయి కూడా. కనుక ఒక్కో చుక్క నీరు కలుపుతూ, ముద్దను పలుచన చేస్తూ, చివరికి తేట నీటి మీదికి రావాలి. ఈ దారిలో తొందరపడితే కత్తి చేతి మీది వెంట్రుకలను కోస్తుంది గానీ గడ్డం దగ్గర ఆగిపోతుంది. ఆ తరువాత వెన్ను ముందుండేలా తోలు పట్టీ మీద 50 సార్లు తీయడంతో పని ముగుస్తుంది. ఇవన్నీ తగిన సమయంలో జరగాలంటే రోజుకు నాలుగు కత్తులకు మించి తీసుకోలేను. అందువల్ల కత్తి చేతికి రావడానికి ఇకపై పది రోజులు పడుతుంది. ధర మాత్రం పెంచడం లేదు.

వాదర వెంట తుప్పు గుంటలు పడిన కత్తులను ఇక తీసుకోను. నూరినకొద్దీ కొత్త గుంట బయటపడి వాదర పొడిపొడిగా రాలుతుంది, డబ్బు తీసుకుని అలాంటి కత్తిని చేతికివ్వడం నాకు ఇష్టం లేదు. జనవరి 15 తరువాత మా దగ్గర నూరించుకున్న ప్రతి కత్తినీ, లాగినా లాగకపోయినా, ఉచితంగా తిరిగి నూరి ఇస్తాను. రానూపోనూ కొరియర్ ఖర్చు మాదే. పంపేముందు కత్తిని పూర్తిగా ఆరబెట్టి, పలుచగా నూనె రాసి, వాదర బయటికి రాకుండా మడిచి గుడ్డలో చుట్టి పంపండి.