బడి గేట్ల వద్ద ఇంజన్లు ఆపించండి: విజయనగరం జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి,

బడి విడిచే వేళ మన పట్టణంలో పిల్లల కోసం వచ్చిన ఆటోలు, వ్యాన్లు, ఏసీ వేసుకున్న కార్లు ఇంజన్ ఆపకుండానే గేట్ల ముందు నిలుస్తున్నాయి; ఆ పొగ పెద్దల కంటే చిన్నపిల్లల ముఖాలకే దగ్గరగా వెలువడుతుంది. పది సెకన్లకు మించి ఆగవలసి వస్తే, ఇంజన్‌ను మళ్లీ స్టార్ట్ చేయడానికయ్యే ఇంధనం కంటే ఊరికే తిరగనివ్వడానికయ్యేదే ఎక్కువ. ఆపితే మళ్లీ స్టార్ట్ చేయడం కష్టమయ్యే పాతకాలపు కార్బ్యురేటర్ బండ్ల నాటి అలవాటు మనల్ని ఇంకా వదలలేదు.

2020 అక్టోబరులో ఢిల్లీ ప్రభుత్వం సిగ్నళ్ల వద్ద ‘రెడ్ లైట్ ఆన్, గాడీ ఆఫ్’ (ఎర్ర లైటు పడితే బండి ఆపండి) పేరుతో ప్రచారం చేపట్టింది. మనకు అంత ఆర్భాటం అక్కరలేదు. గేటుకు ఇద్దరు చొప్పున తల్లిదండ్రులం నిలబడి డ్రైవర్లకు నచ్చజెప్పడానికి సిద్ధంగా ఉన్నాము (జరిమానాలపై మాకు నమ్మకం తక్కువ). తమరు అనుమతి, తెలుగు బోర్డులు ఇప్పించి, పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి ముందే ఆటో సంఘాలతో ఒక సమావేశం ఏర్పాటు చేయవలసిందిగా కోరుతున్నాము.

ఇట్లు,
కొందరు తల్లిదండ్రులు, విజయనగరం