మా బడి ఆడపిల్లలకు అండగా నిలిచిన అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. నేను యాదాద్రి భువనగిరి జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తాను. ఈ ఏడాది మా బడిలో ఆడపిల్లల బాత్రూములు బాగుపడ్డాయి. వాటికి నీళ్ళొచ్చాయి. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఆడపిల్లలందరికీ రక్తపరీక్షలు జరిగాయి. ఇది ఎలా జరిగిందో, ఎవరెవరి చేయి పడిందో నలుగురికీ తెలియాలని ఈ పోస్టు రాస్తున్నాను.

మొదలుపెట్టింది మా దగ్గరే పదో తరగతి చదివిన అమ్మాయి. చేనేత కుటుంబం. ఇప్పుడు హైదరాబాద్‌లో డిగ్రీ చదువుతోంది. తన పేరు పెట్టొద్దని గట్టిగా చెప్పింది కాబట్టి పెట్టడం లేదు. ఊళ్ళో వాళ్ళకు ఎలాగూ తెలుసు.

ఆ బిడ్డ ఒక జాతీయ స్థాయి అందాల పోటీకి మన రాష్ట్రంలో జరిగిన ఎంపికల్లో పాల్గొంది. ఆ మాట ఊళ్ళో తెలిసినప్పుడు ఇంటి మీదికొచ్చి మాట్లాడిన వాళ్ళున్నారు. "మగ్గం నేసుకునేటోళ్ళ పిల్లకు ఈ పోటీలెందుకమ్మా" అన్నారు. అందాల పోటీల మీద నాకూ అభ్యంతరాలున్నాయి. ఆడపిల్లను ఎత్తు చూసి, ఒళ్ళు చూసి మార్కులేయడం నాకు నచ్చదు, ఇప్పటికీ నచ్చదు. కానీ ఆ పోటీల్లోనే ఇంకో భాగం ఉంది. నువ్వు నలుగురికీ ఏం చేశావు అని అడిగే భాగం. మిస్ వరల్డ్ పోటీల్లో దాన్ని ‘బ్యూటీ విత్ ఎ పర్పస్’ అంటారు. 1972లో జూలియా మోర్లీ మొదలుపెట్టారు. పోటీకొచ్చే ప్రతి అమ్మాయీ తన ప్రాంతంలో ఒక సేవా పని ఎంచుకుని, చేసి, దాని గురించి చెప్పాలి. మా బడికి మేలు జరిగింది ఆ భాగం వల్లే.

2017లో మానుషి ఛిల్లర్ మిస్ వరల్డ్ అయినప్పుడు ఈ బిడ్డ ఇంకా చిన్న తరగతిలో ఉంది. పేపర్లో వచ్చిన ఫొటో కత్తిరించి తెచ్చి నాకు చూపించింది. మానుషి హరియాణాలో డాక్టర్ చదువు చదువుతూ, పల్లెటూళ్ళ ఆడవాళ్ళతో నెలసరి శుభ్రత గురించి ‘ప్రాజెక్ట్ శక్తి’ అనే పని చేసిందని అప్పుడు క్లాసులో చెప్పాను. మన దేశం నుంచి మొదటిసారి, 1966లో, మిస్ వరల్డ్ గెలిచిన రీటా ఫారియా కూడా బొంబాయిలో మెడికల్ స్టూడెంటే. కిరీటం పెట్టుకున్న ఏడాది అయిపోగానే మళ్ళీ చదువుకే వెళ్ళి డాక్టర్ అయింది. ఈ రెండు సంగతులూ నేను ప్రతి బ్యాచ్‌కీ చెప్తాను. 2020 మిస్ ఇండియా కిరీటం హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదివిన మానస వారణాసికి వచ్చినప్పుడు, మన దగ్గరి పిల్లలు కూడా వెళ్ళొచ్చన్న ధైర్యం తనకు వచ్చిందట.

2025 మే నెలలో మిస్ వరల్డ్ పోటీలు హైదరాబాద్‌లోనే జరిగాయి. ఆ అమ్మాయిలు పోచంపల్లికి వచ్చి మగ్గాలు చూసి వెళ్ళారు. మే 31న గెలిచిన థాయ్‌లాండ్ అమ్మాయి ఓపల్ సుచాతకు పదహారేళ్ళ వయసులో రొమ్ములో గడ్డ వచ్చి ఆపరేషన్ అయింది. అది క్యాన్సర్ గడ్డ కాదు. అయినా అప్పటి భయాన్ని మర్చిపోకుండా రొమ్ము క్యాన్సర్ గురించి ఆడవాళ్ళకు చెప్పడమే తన పనిగా పెట్టుకుంది. మా బిడ్డకు అది బాగా పట్టుకుంది. సెలవులైపోయి బడి తెరవగానే నా దగ్గరికి వచ్చి, "మేడం, మన బడిలో ఆడపిల్లలకు ఏదైనా చేయాలి" అంది.

మా బాత్రూముల పరిస్థితి చెప్పాలి. తలుపు ఉంది, గడియ లేదు. ఒక పిల్ల లోపలికి వెళ్తే ఇంకో పిల్ల బయట తలుపు లాగి పట్టుకుని నిలబడాలి. నీళ్ళు బోరింగు దగ్గర కొట్టుకుని బకెట్‌తో మోసుకెళ్ళాలి. డేట్ వచ్చిన పిల్లలు వాడిన ప్యాడ్‌ను పేపర్లో చుట్టి గోడ అవతల కంచెలో పడేసేవాళ్ళు, లేదంటే సాయంత్రం దాకా మార్చుకోకుండా అలాగే కూర్చునేవాళ్ళు. బాత్రూముకు వెళ్ళాల్సి వస్తుందని పొద్దున్నుంచి గుక్కెడు నీళ్ళు కూడా తాగని పిల్లలు చాలామంది. హాజరు పట్టీ చూస్తే నెలనెలా ఏ పిల్ల ఎప్పుడు రాదో మాకు ముందే తెలిసిపోయేది.

ఆ బిడ్డ వచ్చి చేసిన మొదటి పని పిల్లల్ని అడగడం. వేప చెట్టు కింద పట్టాలు పరిచి, టీచర్లం ఎవరం దగ్గర ఉండొద్దని మర్యాదగా చెప్పి, అందరికీ తలా ఒక చీటీ ఇచ్చింది. పేరు రాయొద్దు, ఏం కావాలో రాయండి అంది. గంట తర్వాత ఆ చీటీలన్నీ ఒళ్ళో వేసుకుని నా దగ్గర కూర్చుంది. "మేడం, నేను ప్యాడ్లు పంచుదామని వచ్చిన. వీళ్ళు గడియ అడుగుతున్నరు" అంది. నిజమే. ఎక్కువ చీటీల్లో ఉన్నది గడియ, నీళ్ళు, మూత ఉన్న చెత్తడబ్బా. ఒక ఎనిమిదో తరగతి పిల్ల గోడకు కొక్కెం కావాలని రాసింది, ప్యాడ్ ప్యాకెట్ తడి నేల మీద పెట్టాల్సి వస్తోందని. ఇన్నేళ్ళలో ఎవరూ మా పిల్లల్ని ఇలా అడగలేదు. ప్యాకెట్లు పంచి ఫొటోలు దిగి వెళ్ళిన వాళ్ళను చూశాం. వాళ్ళ మంచి మనసునూ తక్కువ చేయను. కానీ గడియ లేని గదిలో ఆ ప్యాకెట్ విప్పుకునేదెలా?

ఇక నేను దండం పెట్టాల్సిన వాళ్ళు చాలామంది.

మొదట మా ఊరి వెల్డింగ్ అన్న. తలుపులు సరిచేసి, గడియలు పెట్టి, గోడలకు కొక్కేలు బిగించి, రేకుల డబ్బు తప్ప కూలి తీసుకోలేదు. గడియ పెట్టే ముందు ఆరో తరగతి పిల్లను పిలిచి, చేయి ఎత్తమని, ఆ చేయి అందిన చోట చాక్‌పీస్‌తో గీత గీసుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను. ఆ గీత మీదే గడియ బిగించాడు. అన్నా, మీ ఇంటి ఆడబిడ్డల కోసం చేసినట్టే చేశావు.

వెయ్యి లీటర్ల ట్యాంకు, మోటారు కొనిచ్చింది మా బడి పాత బ్యాచ్ పిల్లలు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు, గల్ఫ్‌లో ఉన్నవాళ్ళు, ఊళ్ళో వ్యవసాయం చేసుకునేవాళ్ళు అందరూ వాట్సాప్ గ్రూపులో తలా కొంత వేసుకున్నారు. పైపులు వేసిన ప్లంబర్ కూడా ఆ బ్యాచ్ అబ్బాయే. ట్యాంకుకు బేస్‌మెంట్ కట్టిన మేస్త్రి గారికి, ఇసుక తోలించిన పంచాయతీ వాళ్ళకు, ఆ ఇసుక తట్టలతో మోసిన మా తొమ్మిదో తరగతి మగపిల్లలకు కూడా కృతజ్ఞతలు. ఆ పిల్లల్లో ఒక్కడు కూడా వెకిలిగా నవ్వలేదు. అది నాకు చాలా సంతోషం.

బడి ఊడ్చే అక్క గురించి విడిగా రాయాలి. చెత్తడబ్బాలు పెట్టేటప్పుడు అందరం మాట్లాడుకున్నాం గానీ, వాటిని ఎత్తి పారబోసేది ఎవరని మొదట అడిగింది ఆ బిడ్డే. అక్కను కూర్చోబెట్టి, "అక్కా, నీకేం కావాలె" అని అడిగింది. గ్లౌజులు, పొడుగు పట్టుకర్ర, డబ్బాలో వేసే కవర్లు కావాలంది అక్క. అవన్నీ వచ్చాకే డబ్బాలు పెట్టారు. అక్కా, నువ్వు మొహం చిట్లించకుండా చేస్తున్న పనికి మా అందరి దండాలు.

రక్తపరీక్షల విషయానికొస్తే, మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరమ్మకు, ల్యాబ్ టెక్నీషియన్‌కు, ఏఎన్ఎంకు, ఆశా అక్కలకు ఎంత చెప్పినా తక్కువే. పన్నెండేళ్ళు నిండిన ఆడపిల్లలకు హిమోగ్లోబిన్ 12 గ్రాములన్నా ఉండాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆ లెక్క నేను పాఠంలో చెప్తూనే ఉంటాను. కానీ ఆటల పీరియడ్‌లో ఎప్పుడూ తల వంచుకుని మెట్ల మీద కూర్చునే తొమ్మిదో తరగతి పిల్లకు 8.1 వచ్చినప్పుడు గుండె కలుక్కుమంది. బద్ధకం అనుకుని ఇంట్లో తిట్లు కూడా తింటోంది ఆ పిల్ల.

డాక్టరమ్మ ఆ తల్లిని పిలిపించి, కోప్పడకుండా విడమరిచి చెప్పారు. నులిపురుగుల మాత్ర, రోజూ ఐరన్ మాత్ర. మాత్ర వేసుకున్నాక వెంటనే టీ తాగొద్దు, నిమ్మకాయ నీళ్ళో ఉసిరికాయో తీసుకోవాలి. తోటకూర, మునగాకు, పల్లీలు, గుడ్డు తినాలి. ఇంకో ముఖ్యమైన మాట కూడా చెప్పారు: ఐరన్ మాత్రలతో మలం నల్లగా వస్తుంది, భయపడి ఆపొద్దు. బడిలో వారం వారం ఇచ్చే నీలం మాత్రల్ని మా పిల్లలు చాటుగా పారేయడానికి కారణం ఇదేనని మాకు అప్పుడే తెలిసింది. ఎవరూ చెప్పక, ఏదో జబ్బు వచ్చిందనుకున్నారు. మూడు నెలలకు ఆ పిల్ల 10.6కు వచ్చింది. ఇప్పుడు ఖోఖో ఆడుతోంది.

పోటీల్లో పరిచయమైన ఒక నర్సింగ్ విద్యార్థిని, వేరే జిల్లా అమ్మాయి, ఆదివారం పూట బస్సెక్కి వచ్చి తల్లులతో మాట్లాడింది. ఇద్దరూ ఒకే కిరీటం కోసం పోటీ పడుతున్న వాళ్ళు. అయినా తన పని అనుకుని వచ్చింది. ఆ మీటింగులో ఒక నానమ్మ లేచి, "మేము బట్టనే వాడినం, అది తప్పా బిడ్డా" అని అడిగింది. తప్పు కాదమ్మా అని, సబ్బుతో ఉతికి ఎండలో ఆరేయాలి, సిగ్గుపడి మంచం కింద చీకట్లో దాచి ఆరేస్తేనే ఇన్ఫెక్షన్లు వస్తాయి అని చెప్పింది. బట్టయినా ప్యాడయినా నాలుగు నుంచి ఆరు గంటలకొకసారి మార్చుకోవాలంది. ప్యాడ్లు కొనలేని ఇళ్ళున్న ఊళ్ళో ఆ మాట ఎంత అవసరమో నాకు తెలుసు. తల్లీ, నీకు మా ఊరంతా రుణపడి ఉంది.

హైదరాబాద్‌లో మా బిడ్డకు ఫీజు తీసుకోకుండా ర్యాంప్ వాక్, ఇంటర్వ్యూ నేర్పిన మేడం గారికి, హాస్టల్లో రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని ఇంగ్లీషులో ప్రశ్నలడిగి ప్రాక్టీస్ చేయించిన తోటి అమ్మాయిలకు ధన్యవాదాలు. ఎవరేమన్నా ఆ మాటల్ని తలుపు దాటి లోపలికి రానివ్వని తల్లిదండ్రులకు మరీ మరీ ధన్యవాదాలు. ఎంపికల రోజు తను కట్టుకున్న చీర వాళ్ళింటి మగ్గం మీద అమ్మానాన్న కలిసి నేసిందే. నీలం, తెలుపు పోచంపల్లి పట్టు. అద్దె గౌన్లకు డబ్బు లేదని కాదు, ఇదే కట్టుకుంటానని తనే పట్టుబట్టింది.

పోటీలో తన పేరు రాలేదు. ఆ సాయంత్రం ఫోన్ చేస్తే గొంతు బొంగురుగా ఉంది, ఎక్కువ మాట్లాడలేదు. బాధపడింది, పడకుండా ఎలా ఉంటుంది? ఊళ్ళో కొందరు, ఇక ఈ బడి పనులు కూడా ఆగిపోతాయి అన్నారు. తర్వాతి వారమే బస్సు దిగి బడికి వచ్చింది. ట్యాంకు నిండి నీళ్ళు పొర్లిపోతున్నాయని నేను ఎప్పుడో చెప్పిన మాట గుర్తుపెట్టుకుని ఫ్లోట్ వాల్వ్ కొనుక్కొచ్చింది. ప్లంబర్ అబ్బాయి అది బిగిస్తుంటే కింద నిచ్చెన పట్టుకుని నిలబడింది. అప్పటినుంచి నెలకోసారైనా వస్తూనే ఉంది. చూపించడానికి ఇప్పుడు ఏ పోటీ లేదు, ఫొటోలు తీసేవాళ్ళూ లేరు.

బిడ్డా, నువ్వు ఇది చదువుతావని తెలుసు. కిరీటం రాలేదని నీకు ఎంత వెలితిగా ఉందో నాకు తెలియదు. మా హాజరు పట్టీలో ఇప్పుడు ఆడపిల్లల వరుసల్లో ఖాళీలు బాగా తగ్గాయి. అది మాత్రం నేను నీకు చూపించగలను. ఈసారి వచ్చినప్పుడు చూద్దువుగాని.

పోస్టు చూసి డబ్బు పంపుతామనే వాళ్ళకు ఒక మాట. ప్రస్తుతం బాత్రూముల పని అయిపోయింది, దానికి డబ్బు అవసరం లేదు. దసరా సెలవుల తర్వాత రెండో విడత రక్తపరీక్షలున్నాయి. పోయినసారి హిమోగ్లోబిన్ స్ట్రిప్పులు మధ్యలో అయిపోయి కొందరు పిల్లలు మిగిలిపోయారు. స్ట్రిప్పులు ఇప్పించగలిగిన వాళ్ళు, లేదా ఆ రోజు వచ్చి పిల్లల పేర్లు రాసుకోవడానికి సాయపడగలిగిన చదువుకున్న ఆడపిల్లలు మా హెడ్‌మాస్టర్ గారిని బడి వేళల్లో కలవండి. పక్క మండలం బడి మేడం ఒకరు తమ దగ్గర కూడా గడియలు లేవని ఫోన్ చేశారు. వెల్డింగ్ అన్నతో మాట్లాడాను, కొలతలు పంపమన్నాడు.