మొక్కల కంటే ముందు ఎండ చూసుకోరా

బెంగళూరు,
మే 20

ఒరేయ్ ప్రసాదూ,

నీ వాయిస్ మెసేజీలన్నీ వరసపెట్టి విన్నాను. ఫోన్లో జవాబు చెప్తే సగం మర్చిపోయి మళ్ళీ మొదటికొస్తావని తెలుసు, అందుకే ఉత్తరం రాస్తున్నా. దాచిపెట్టుకో. మొత్తానికి కదిరి వదిలి బెంగళూరులోని హొరమావుకి వచ్చేస్తున్నారన్నమాట. సంతోషంరా. సాయంత్రాలు కూర్చుని కబుర్లు చెప్పుకోవడానికి ఇన్నాళ్ళకి ఒక మనిషి దొరికాడు నాకు.

అబ్బాయి కొన్న ఇంటికి తూర్పున నాలుగడుగుల వెడల్పు మట్టి, మేడ మీద ఖాళీ ఉన్నాయి, ఏ పూల మొక్కలు పెట్టాలి అని కదా నీ ప్రశ్న. చెల్లెమ్మకి గులాబీలు కావాలి. అమ్మకి పూజకి రోజూ పూలు కావాలి. కోడలికి ఫొటోల్లో చూసినట్టు కుండీల నిండా రంగులు కావాలి. నీకేమో నీళ్ళు పొయ్యడం తప్ప ఇంకే పనీ ఉండకూడదు. అందరికీ సరిపోయే మొక్క ఒకటే చెప్పమంటే నావల్ల కాదుగానీ, వచ్చిన వారమే నర్సరీకి పరిగెత్తకుండా ఉంటే సగం గెలిచినట్టే.

ముందు ఇంటి చుట్టూ ఎండ చూడు. పొద్దున ఎనిమిదికి, పన్నెండుకి, నాలుగింటికి ఎక్కడిదాకా పడుతోందో సుద్దముక్కతో గీత గియ్యి. నవ్వకు, పనికొస్తుంది. ఇక్కడి ఇళ్ళు 30×40 అడుగుల సైట్లలో ఒకదాన్నొకటి రాసుకుని ఉంటాయి. పక్కవాళ్ళు మూడంతస్తులు లేపి ఉంటే మీ తూర్పు మట్టికి బాగా పొద్దెక్కితేగానీ సూర్యుడు కనపడడు. ఇంకో మెలిక కూడా ఉంది. బెంగళూరు భూమధ్యరేఖకి దాదాపు 13 డిగ్రీల ఉత్తరాన ఉంది కదా, ఏప్రిల్ చివరి వారం నుంచి ఆగస్టు మధ్య దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికి ఒరుగుతాడు. మీరు జూన్‌లో దిగేసరికి ఉత్తరపు గోడకి ఎండ చక్కగా తగులుతుంటుంది. అది చూసి అక్కడ మల్లె పెట్టావనుకో, దసరా వెళ్ళేసరికి ఆ మూలంతా నీడ. చలికాలమంతా ఎండ దక్షిణం వైపే. ఎండ కావాల్సినవన్నీ మేడ మీదికి, సర్దుకుపోయేవి కిందికి. ఇదొక్కటి గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా తేలిక.

మేడ మీదికి మొదట ఎక్కాల్సింది గుండుమల్లె. కుండీ కనీసం పదిహేను అంగుళాలది ఉండాలి, రోజుకి ఐదారు గంటల ఎండ పడాలి. కదిరి ఎండ ఇక్కడ లేదు కాబట్టి మీ దొడ్లో పూసినంతగా పూయదు, ముందే చెప్తున్నా, తర్వాత నన్ను తిట్టొద్దు. అయినా మల్లె పూయడం లేదని ఈ ఊళ్ళో ఏడ్చేవాళ్ళలో చాలామంది ఇళ్ళలో అసలు లోపం కత్తెర పెట్టకపోవడమే. మల్లెకి మొగ్గ కొత్త చిగురు కొసనే వస్తుంది. పాత కొమ్మల్ని ముద్దుగా పెంచుకుంటూ పోతే ఆకులే మిగుల్తాయి. డిసెంబరు చివర్లోనో జనవరిలోనో నీళ్ళు తగ్గించి, మోకాలెత్తు ఉంచి పైనంతా కోసెయ్యి. ఎండుపుల్లలు, సన్నపుల్లలు మొదలంటా తీసెయ్యి. మిగిలిన ఆకు కూడా దూసెయ్యి. చూసినవాళ్ళు చచ్చిపోయిందనే అనుకుంటారు. మొదటిసారి నేను ఆ పని చేసిన రోజు మా ఆవిడ రాత్రి భోజనాల దాకా నాతో మాట్లాడలేదు. తర్వాత మొదలు చుట్టూ మట్టి గుల్ల చేసి, బాగా మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి నీళ్ళు పెట్టు. సంక్రాంతి వెళ్ళాక కణుపు కణుపునా లేత చిగుళ్ళు తోసుకొస్తాయి, ఉగాది నాటికి మొగ్గ చూస్తావు. కోసేటప్పుడు రంగు చూసుకో. పాలతెలుపుకి తిరిగిన మొగ్గ ఆ రాత్రికే విచ్చుతుంది, ఇంకా పచ్చదనం ఉన్నది మర్నాటిది. సాయంత్రం నాలుగూ ఐదు మధ్య కోస్తే దండ కట్టేదాకా ఆగుతుంది.

కింద తూర్పు మట్టిలో కనకాంబరం వెయ్యి. ఎండ కొంచెం తక్కువైనా సణగదు. వాసన లేదుగానీ కోశాక రెండు రోజులైనా వాడదు, అందుకే అమ్మకి నచ్చుతుంది. వరమహాలక్ష్మి పండగ ముందు రోజు కె.ఆర్. మార్కెట్‌కి వెళ్ళి చూడు, కిలో కనకాంబరం వెయ్యి దాటడం మామూలే. ఆ రోజు మన దొడ్లో దోసెడు పూస్తే ఆ గర్వమే వేరు. ఇక్కడ ఢిల్లీ కనకాంబరం అని అమ్మేది గింజ కట్టదు, కొమ్మ నాటుకోవాల్సిందే. ఊరవతల హెసరఘట్టలో కేంద్రప్రభుత్వ ఉద్యాన పరిశోధన సంస్థ ఉంది చూశావూ, వాళ్ళు అర్క అంబర, అర్క కనక అనే రకాలు తెచ్చారు. దొరికితే వదలకు. దీనికున్న పీడ నులిపురుగు. మొక్క పసుపెక్కి నీరసిస్తుంది, పీకి చూస్తే వేళ్ళనిండా బుడిపెలు. అందుకే మధ్యమధ్యలో బంతి నాటడం మంచిది. బంతి వేళ్ళ దగ్గర ఆ పురుగు వృద్ధి కాదు. బంతి విత్తనాలు కొననక్కర్లేదు, గుమ్మానికి కట్టిన దండ ఎండాక దులిపి మట్టిలో చల్లితే సరి. హైబ్రిడ్ పువ్వు అయితే మాత్రం తర్వాతి తరం అంత ముద్దగా రాదు.

నందివర్ధనం గురించి చెప్పడానికేమీ లేదు. పెట్టు, మర్చిపో, రోజూ పూజకి కోసుకో.

మందారం అంటే నాకు ప్రాణంగానీ, దాంతో కాపలా ఉద్యోగం. ముద్దమందారం కంటే ఒంటిరెక్క ఎర్రమందారానికే ఓపిక ఎక్కువ. రోజూ పళ్ళు తోముకుంటూ ఒకసారి దాని దగ్గరికెళ్ళి చిగురు కొసని వేలితో తిప్పి చూడు. ఆకు తొడిమ మొదట్లో, మొగ్గ కింద దూది అంటినట్టు తెల్లగా కనపడిందా, అది పిండినల్లి. కొమ్మ వెంట చీమలు బారుగా ఎక్కుతున్నాయంటే వెతక్కుండానే చెప్పెయ్యొచ్చు. ఆ పురుగు విసర్జించే తీపి రసం కోసం చీమలు దాన్ని కాపాడుతూ ఉంటాయి. కొంచెమే ఉంటే పైపుతో నీళ్ళు గట్టిగా కొట్టి కడిగెయ్యి, బాగా పట్టిన కొస తుంచి కవర్లో మూట కట్టి పారెయ్యి. ఆ తర్వాత లీటరు నీళ్ళకి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కలవడానికి కాస్త సబ్బునీళ్ళు వేసి, సాయంత్రం ఎండ తగ్గాక ఆకుల అడుగున తడిసేలా చల్లు. వారానికొకసారి చల్లితే అదుపులో ఉంటుంది. నల్లి ఉన్న కుండీని మల్లె పక్కన పెట్టకు.

చామంతి సంగతి తమాషాగా ఉంటుంది. మా వీధి చివర ఒకాయన కాంపౌండ్ గోడ వెంట చామంతి కుండీలు బారుగా పెట్టాడు. కార్తీకంలో ఒక కొసనున్నవన్నీ పసుపుగా విరగబూస్తే, రెండో కొసనున్నవి ఆకులేసుకుని నిలబడ్డాయి. ఎరువులు మార్చాడు, దిష్టి తీశాడు, చివరికి నన్ను పిలిచాడు. తీరా చూస్తే ఆ కొస నెత్తిన వీధిలైటు. చామంతికి రాత్రి పొడుగవుతున్నట్టు తెలిస్తేనే మొగ్గ తొడుగుతుంది. రాత్రంతా వెలుగు పడుతుంటే దానికింకా ఎండాకాలమే. ఈ కిటుకు రైతులకి ఎప్పుడో తెలుసు. దొడ్డబళ్ళాపుర, చిక్కబళ్ళాపుర వైపు రాత్రిళ్ళు చామంతి తోటల్లో బల్బులు వెలిగిస్తారు. మొక్క ఏపుగా ఎదిగేదాకా మొగ్గ రాకుండా ఆపి, కావాల్సిన పండక్కి కోతకొచ్చేలా లైట్లు తీసేస్తారు. ఎప్పుడైనా రాత్రి విమానంలో ఇక్కడ దిగితే కిటికీలోంచి చూడు, చీకట్లో అక్కడక్కడా చెక్కలు చెక్కలుగా వెలుగుతుంటాయి. మీ ఇంటి ముందు లైటు స్తంభం ఉంటే చామంతులు వెనకవైపుకి మార్చెయ్.

చెల్లెమ్మ గులాబీలకి బెంగళూరు వాతావరణం బాగానే పడుతుంది. పెద్ద పువ్వుల హైబ్రిడ్‌లు ఒకటి రెండు చాలు, వానాకాలంలో ఆకుమచ్చ తెగులుతో ఆకులన్నీ రాల్చుకుని కూర్చుంటాయి. పనీర్ రోజా అని ఇక్కడ దొరికే చిన్న గులాబీ రంగు పువ్వు పెట్టుకోమను, సువాసన దానిదే. అంటుగట్టిన మొక్క కొంటే అతుకు కిందనుంచి వచ్చే కొమ్మల్ని చూడగానే పీకెయ్యాలి. ఏపుగా వస్తోందని మురిసిపోయి ఉంచితే, కొంతకాలానికి కొన్న గులాబీ పోయి అడుగున ఉన్న అడివి గులాబీ మిగుల్తుంది.

కోడలికి లాల్‌బాగ్ చూపించు. హైదర్ అలీ 1760లో మొదలుపెట్టిన తోట అది. రిపబ్లిక్ డేకీ, ఆగస్టు 15కీ అక్కడి గ్లాస్‌హౌస్‌లో ఫ్లవర్ షో పెడతారు. బ్రహ్మాండంగా ఉంటుంది, జనం కూడా అంతే బ్రహ్మాండంగా ఉంటారు. అక్కడ కళ్ళు చెదిరే పెటూనియాలూ సాల్వియాలూ చూసి ఇంటికి ఆటో నిండా తెచ్చుకుంటారు అందరూ. అవి ఒక్క సీజను చుట్టాలు. నవంబరులో తెచ్చుకుంటే చలికాలమంతా ముచ్చటగా ఉండి, ఎండలు ముదిరేసరికి సెలవు తీసుకుంటాయి. వద్దనను, పిల్ల సరదా పడుతోంది కదా, బాల్కనీ రెయిలింగుకి రెండు కుండీలు పెట్టించు. ఇల్లంతా వాటితో నింపితే మాత్రం ఏటా డబ్బు మట్టిపాలు.

గేటు మీద పందిరికి రాధామనోహరం చాలా బాగుంటుంది. సాయంత్రం తెల్లగా విచ్చుకుంటుంది, మర్నాటికి గులాబీ రంగు, ఆ తర్వాత ఎరుపు. మూడు రంగులూ ఒకే గుత్తిలో వేలాడుతుంటాయి. రాత్రి తెలుపుకి పెద్ద రెక్కల పురుగులొస్తాయి, పగలు రంగుకి తేనెటీగలొస్తాయి. కాకపోతే అది ఊరుకునే రకం కాదు, పక్కింటి పిట్టగోడెక్కి వాళ్ళ కేబుల్ వైర్లు చుట్టుకుంటుంది. కత్తెర చేతిలో ఉంటేనే పెట్టు. అంత ఓపిక లేదంటే మేడ మెట్ల కమ్మీలకి శంఖుపూలు పాకించు. నీలం, తెలుపు రెండూ వెయ్యి, గింజ పడేస్తే మొలుస్తాయి, అమ్మ పూజకి పనికొస్తాయి. కాగితం పూలకైతే నీళ్ళు ఎక్కువైతే పూత తగ్గుతుంది. నీలాంటి బద్ధకస్తుడికి దాన్ని మించింది లేదు.

పారిజాతం కావాలని అమ్మ తప్పకుండా అడుగుతుంది. రాలిన పువ్వు దేవుడికి పనికొచ్చేది అదొక్కటే కదా. పెట్టు, కాకపోతే ఈశాన్యం మూల ఒక్క చెట్టే, దాని కింద ఇంకేమీ వద్దు. చెట్టు ఎదుగుతుంది, ఆకు రాలుస్తుంది, రోజూ ఊడవాలి. సంపెంగ మాత్రం ఎవరడిగినా ఒప్పుకోకు, నాలుగడుగుల మట్టిలో అంత పెద్ద చెట్టు పెడితే ప్రహరీ గోడకి ముప్పు. గన్నేరు కూడా వద్దు. ఆకు, పువ్వు, కొమ్మ అంతా విషం, మీ మనవరాలు చేతికందింది నోట్లో పెట్టుకునే వయసులో ఉంది. ఎవరో ఒకరు బ్రహ్మకమలం అని ఒక ఆకు తెచ్చిస్తారు, కాదనకు. అది మెక్సికో వైపు నుంచి వచ్చిన కాక్టస్ జాతి, హిమాలయాల్లో పూసే బ్రహ్మకమలానికీ దీనికీ చుట్టరికం లేదు. అయినా అర్ధరాత్రి విచ్చుకుంటుంటే చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళంతా వచ్చి ఫోన్లు పట్టుకుని నిలబడతారు. ఆకుని మట్టిలో గుచ్చితే చాలు, నీడలో పెరుగుతుంది.

నీళ్ళ గురించి సీరియస్‌గా ఆలోచించు. 2024 మార్చిలో ఇక్కడ బోర్లు ఎండిపోయి, తాగునీటితో తోటలు తడిపితే 5,000 రూపాయల జరిమానా అన్నారు. అప్పుడు మేమంతా బియ్యం కడిగిన నీళ్ళూ, పప్పు కడిగిన నీళ్ళూ బకెట్లో పట్టి బతికించాం. వాటర్ ఫిల్టరు వదిలేసే నీళ్ళలో ఉప్పు ఎక్కువ. కాగితం పూలకి అప్పుడప్పుడూ పోస్తే పోశావుగానీ కుండీలో మల్లెకి రోజూ పొయ్యకు, మట్టి మీద తెల్లగా పొరకడుతుంది. కుండీల పైన ఎండుటాకులో కొబ్బరిపీచో పరిస్తే తడి నిలుస్తుంది. మేడ మీద బరువు కూడా చూసుకో. తడిసిన మట్టి బరువు మామూలుగా ఉండదు, అందుకే ఎర్రమట్టిలో కోకోపీట్ అనే కొబ్బరిపీచు పొట్టు, ఎరువు కలిపి తేలిక చేసుకోవాలి. కుండీలు మధ్యలో కాకుండా గోడల వెంట, కింద స్టాండు వేసి పెట్టు. శ్లాబు మీద నీళ్ళు నిలిచి కింద బెడ్రూంలో మరకలొస్తే నీ తోట కథ అంతటితో సరి.

సామాన్లు సర్దుకున్నాక ఒక ఆదివారం పొద్దున్నే సిద్ధాపుర వెళ్దాం, లాల్‌బాగ్ పక్కనే నర్సరీలుంటాయి. కన్నడంలో బేరం మా ఆవిడ చూసుకుంటుంది, నువ్వు తెలుగులో ధరలకి ఆశ్చర్యపోకుండా నోరు మూసుకుని ఉంటే చాలు. నందివర్ధనం, కనకాంబరం కొనొద్దు, మా ఇంట్లో కొమ్మలు వేళ్ళూనుకుని కవర్లలో ఉన్నాయి.

నువ్వు మాత్రం నాకో పని చెయ్యి. మీ బావి దగ్గరున్న పాత మల్లెకి ఇవాళే అంటు తొక్కు. కింది కొమ్మ ఒకటి వంచి, కణుపు దగ్గర బెరడు కొద్దిగా గీకి, మట్టిలో పూడ్చి పైన ఇటుకరాయి పెట్టు, కొస బయటికే ఉండనీ. రెండు మూడు నెలల్లో వేళ్ళు పోసుకుంటుంది. తడి ఆరకుండా చూడమని అద్దెకొచ్చేవాళ్ళకి చెప్పు. శ్రావణంలో మీ చెల్లెలింట్లో పెళ్ళికి ఎలాగూ వెళ్తారు కదా, అప్పుడు తెచ్చుకోవచ్చు. రెండు కొమ్మలు తొక్కు, ఒకటి నాకు.

అమ్మకి నమస్కారాలు చెప్పు. చెల్లెమ్మని మా ఆవిడ అడిగానని చెప్పమంది.

ఉంటాను,
నీ మురళి