మా జబ్బేంటో మాకు చెప్పించండి: ఆరోగ్య శాఖ కార్యదర్శి గారికి బహిరంగ లేఖ

కార్యదర్శి గారూ, నమస్కారం.

నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ వచ్చి ఆరేళ్లు. ఇది కీళ్ల అరుగుదల కాదని, నా రోగనిరోధక వ్యవస్థే పొరబడి నా కీళ్ల లోపలి పొర మీద పడుతోందని నాకు తెలిసింది మాత్రం మూడో ఏట. అప్పటిదాకా నొప్పుంటే మాత్ర, తగ్గితే మానేయడం, అంతే. తప్పు నాదే అనుకోండి, కానీ చెప్పిందెవరు? డాక్టర్ గారు చూసే ఐదు నిమిషాల్లో సగం రిపోర్టులు తిరగెయ్యడానికే పోయేది.

మా జబ్బుకిచ్చే మందు, ఒక్క మెథోట్రెక్సేట్ సంగతే చూడండి. అది వారానికి ఒక్కరోజే వేసుకోవాలి, రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. ఆ మాట చీటీలో గొలుసుకట్టు రాతలో ఉంది. నేను రెండు రోజులు వరసగా మింగేశాను, మూడో రోజు మా అక్క కూతురు చదివి ఆపింది కాబట్టి సరిపోయింది. పైగా అది పనిచెయ్యడానికి వారాలు పడుతుంది, ఒక్కోసారి మూడు నెలలు. పది రోజులకే 'నాకు పడలేదు' అని మానేసినవాళ్లను వెయిటింగ్ హాల్లో ఎంతమందినో చూశాను. స్టెరాయిడ్‌తో మర్నాటికే హాయిగా ఉంటుంది కదా, అదే అసలు మందనుకుంటాం!

కరపత్రాలు వద్దండీ, పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోయి పేస్టు మూతే తిప్పలేం, ఇక కాగితాలేం పట్టుకుని చదువుతాం? మొదటిసారి మందు ఇచ్చేటప్పుడు ఒక నర్సు పావుగంట కూర్చుని, మాకొచ్చిన భాషలో చెప్పి, 'ఏ రోజు వేసుకుంటారు?' అని మాచేత తిరిగి చెప్పించేలా ఆర్డర్ వెయ్యండి. మాత్రల కవరు మీద మందు వేసుకోవాల్సిన ఆ రోజు పేరు పెద్దక్షరాలతో రాయించండి.